మడమలక్క ఐదు రోజుల పరుగు

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మడమలక్క అనేవారు. చెప్పులు బాగుచేయించుకోవడానికి ఎవరు వచ్చినా ముందు మొహం చూడదు, మడమ చూస్తుంది. జోడు చేతికి రాగానే తిరగేసి, అడుగు భాగాన్ని వెలుతురుకు పెట్టి, బొటనవేలితో ఒకసారి తడిమి, అప్పుడు తలెత్తుతుంది.

"సంచీ ఎప్పుడూ కుడి భుజానికే తగిలించుకుంటారు కదండీ? కొన్నాళ్ళు ఎడమకు మార్చండి. ఈ జోడు ఇంకో ఏడాది వస్తుంది."

వచ్చినవాళ్ళు నోరు తెరిచేవారు. కొందరు భయపడేవారు కూడా. ఒకాయనతో ఆమె "ఈ మధ్య మీరు నడక మానేసి నిలబడే పనిలో చేరారా?" అంటే, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదని అక్కడే స్టూలు మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మనుషులు మొహానికి నవ్వు పులుముకోవడం, గొంతుకు ధైర్యం తెచ్చిపెట్టుకోవడం ఎన్ని వేల ఏళ్ళ కిందట నేర్చారో గాని, అరికాలికి నటన నేర్పడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

దుకాణం రోడ్డుకు మూడు మెట్లు దిగువన ఉండేది. ఆరడుగుల వెడల్పు గది. ఒక ఇనప కాలి అచ్చు, తోలుకు బెజ్జాలు పొడవడానికి వాళ్ళ నాన్న వాడిన ఆరె, బంక డబ్బాలు, మూలన సాన చక్రం. కిటికీ సరిగ్గా కాలిబాట ఎత్తులో ఉండటంతో బయట నడిచేవాళ్ళ మోకాళ్ళ కింది భాగమే లోపలికి కనిపించేది. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఊరిని అలాగే చూసింది. పసిపిల్లల మొదటి బూట్లు, చేతికర్రలు, వానలో పరుగెత్తే చెప్పులు. ఎవరెవరు ఎవరితో నడుస్తున్నారో ఆమెకు తెలిసినంత ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. తెలిసినా పెదవి విప్పదు.

గోడకు అన్నిటికన్నా పై అర రానివాళ్ళది. బాగుచేయమని ఇచ్చి మళ్ళీ రానివాళ్ళ జోళ్ళు అక్కడ చీటీ కట్టుకుని కూర్చునేవి. ఒక ఎర్ర మడమల జత, ఒక సైనికుడి బూట్లు, ఎందుకో కుడికాలిది మాత్రమే ఉన్న ఒక తోలు చెప్పు. ఏడాది చూడాలి, ఆ తర్వాత కావలసినవాళ్ళకు ఇచ్చెయ్యాలి. ఇది నాన్న పెట్టిన పద్ధతి.

నాన్న పెట్టిన పద్ధతి ఇంకొకటి కూడా ఉంది. ఇంట్లోవాళ్ళ జోళ్ళు తిరగేసి చూడకూడదు.

"బయటివాళ్ళవి చదువు, అది మన పని," అనేవాడు ఆయన. "ఇంట్లోవాళ్ళవి చదవడం మొదలుపెట్టావంటే నువ్వు పోలీసువి, వాళ్ళు దొంగలు. ఆ ఇంట్లో అన్నం సయించదు."

ఆమె ఈ నియమాన్ని అక్షరాలా పాటించింది. మొగుడి జోళ్ళు తిరగేసి చూసింది ఒకే ఒకసారి, అది పెళ్ళికి ముందు. అప్పటికి అతను ఎవరో లిఫ్టు మెకానిక్కు, పరుగు బూట్ల అడుగులు వేయించుకోవడానికి వచ్చాడు. రెండు కాళ్ళూ తూకం వేసినట్టు సమానంగా అరిగిన జోడు ఆమె అంతకుముందు చూడలేదు. నిటారైన మనిషి అనుకుంది. ఆరు నెలల తర్వాత పెళ్ళి చేసుకుంది. అడుగు చూసి మొగుణ్ణి ఎంచుకున్నానని కూతురితో చెప్పి నవ్వుకునేది. "జాతకం కన్నా నయమేలే అమ్మా," అని ఆ పిల్ల కూడా నవ్వేది.

ముప్పై అయిదో ఏట ఆమెకు నడుం పట్టేసింది. పొద్దస్తమానం వంగి కూర్చునే పని మరి. లేస్తే వంకర, కూర్చుంటే మూలుగు. అతనే పరుగు నేర్పాడు. మొదటి నెలలో వీధి మలుపు దగ్గర దీపస్తంభం దాకా వెళ్ళేసరికే ఆమె కుక్కలా రొప్పేది. అతను ఆమెకు ఎదురుగా వెనక్కి పరిగెత్తుతూ, "రండి మేడం రండి, స్తంభం పారిపోతోంది!" అని ఆటపట్టించేవాడు. ముందుకు వెళ్ళిపోయినా ప్రతి మలుపులో ఆగేవాడు. పదమూడేళ్ళలో అతను ఆగని మలుపు లేదు. పరుగులో తోడంటే పక్కన ఉండటం కాదనీ, మలుపు తిరిగితే అక్కడ ఉంటాడని తెలియడమనీ ఆమెకు అలా అర్థమైంది. మొగుడి మీద ఆమె నమ్మకమంతా ఆ మలుపుల్లో పోగైంది.

ఏడాది పైగా మాత్రం, తనకు ఇంకా ఎక్కువ దూరం కావాలంటూ అతను ఆదివారాలు పొద్దున్నే ఒక్కడే పరుగుకు వెళుతున్నాడు. ఇలా ఉండగా కొండల్లో ఆ విడిదుల సంగతి వచ్చింది.

కొండ అంచున వరసగా అయిదు పల్లె విడిదులు. ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఒక రోజు పరుగు. సామాను మోయనక్కర్లేదు, ఒక తెల్ల వ్యాను పొద్దున్నే సంచులు ఎక్కించుకుని తారురోడ్డు మీదుగా తర్వాతి విడిదికి చేరుస్తుంది. ప్రతి విడిది నుంచీ రెండు దారులు: శిఖరాల మీదుగా పైదారి, వాగు వెంట కింది దారి. రెండూ సాయంత్రానికి ఒకే గుమ్మం ముందు కలుస్తాయి. పూర్వం బాటసారుల కోసం కట్టినవి కాబోలు, ఇప్పుడు సరదాకి ఆయాసపడేవాళ్ళకు ఆశ్రయం ఇస్తున్నాయి. అయిదో విడిదిని నడిపే పెద్దమ్మకు వయసు మీద పడింది. ఒక జంటకు అప్పగించాలని చూస్తోంది. ఆమె కోరేది ఒక్కటే, ఇద్దరికీ పరిగెత్తే కాళ్ళుండాలి. వచ్చినవాళ్ళను ఒకరు పైదారిన, ఒకరు కింది దారిన వెంటబెట్టుకుని వెళ్ళాలి.

ఈ మాట చెవిన పడిన దగ్గర్నుంచి లిఫ్టాయన మనిషి మనిషిలా లేడు.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ పైకి పంపాను. నేనేమో ఆ లిఫ్టు గోతిలో గ్రీజు పూసుకుంటూ కూర్చున్నాను," అన్నాడు ఒక ఉదయం వంటగదిలో. "ఇంకెన్నాళ్ళే?"

"నా దుకాణమో?"

"నువ్వు మాత్రం గోతిలో లేవా? మూడు మెట్లు."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ అతని మొహంలో ఆ ఆత్రం చూసి మండినంత త్వరగానే చల్లారింది కూడా. రెండు రోజులు ఆలోచించి షరతు పెట్టింది.

"అయిదు రోజులు. పైదారి నువ్వు, కింది దారి నేను. ఒక్క రోజు కూడా తప్పకుండా ఇద్దరం పరిగెత్తామా, దుకాణం పక్కవీధి కుట్టుపనావిడకు ఇచ్చేస్తాను. ఎవరు ఆగినా సరే, ఆ మాట మళ్ళీ మన ఇంట్లో వినపడకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోకేం!" అని అరచేతిలో అరచెయ్యి వేశాడు.

పాత జోడు చిరిగితే పారేశానని చెప్పి అతను కొత్తది తెచ్చి ఇచ్చాడు. కొండ రాళ్ళకు ఆగేలా ఆమె రెండు జతలకూ ఒకే రబ్బరు పలకలోంచి కోసిన అడుగులు వేసింది. ఒకే సాయంత్రం, ఒకే సాన చక్రం మీద అరగదీసింది. కొత్త రబ్బరు మీద సాన పెడితే సన్నటి గీతలు పడతాయి, దువ్వెనతో దువ్వినట్టు. పది మైళ్ళు ఎత్తెక్కితే వేళ్ళ దగ్గర ఆ గీతలు చెరిగిపోతాయి. ఇది ఆమెకు మన పేరు మనకు తెలిసినంత మామూలుగా తెలుసు.

మొదటి రోజు పొద్దున కొండ కింద దారి చీలిన చోట వాళ్ళ అలవాటు ప్రకారం ఒకరి బూట్ల తాళ్ళు ఒకరు కట్టారు. ఆమె కట్టేది చెప్పులు కుట్టేవాళ్ళ ముడి, తాడు రెండుసార్లు తిప్పి కొస లోపలికి దోపేది. అతను ఆమె ముందు మోకాలి మీద కూర్చుంటూ "అమ్మో" అన్నాడు.

"ఏమయ్యా, అప్పుడే?"

"ముసలాణ్ణి చేసుకున్నావు మరి, అనుభవించు," అన్నాడు. ఇద్దరూ నవ్వుకుని విడిపోయారు.

ఆమె సాయంత్రం నాలుగింటికి విడిది చేరేసరికి అతను అప్పటికే వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. పక్కన వ్యాను తోలే సామాన్లాయన టీ తాగుతున్నాడు. నోరు మూతపడని మనిషి, చూసిన వెంటనే ఆమెను అక్కా అనీ, అతన్ని బావా అనీ వరస కలిపేశాడు.

"అక్కా, బావ కాళ్ళా అవి? పంకా రెక్కలు! గాలిలా దిగాడు!"

"నువ్వు చూశావా?"

"కళ్ళారా!" అని అతను టీ గుటక మింగాడు.

రెండో రోజు సాయంత్రం అతని కుడి బూటుకు మామూలు ముడి ఉంది. ఆమె కట్టింది కాదు. రాయి దూరితే విప్పి మళ్ళీ కట్టుకున్నానన్నాడు. నిజమే, రాళ్ళు దూరతాయి. ఆ రోజు శిఖరం మీద కుక్క కూర్చున్నట్టుండే బండరాయినీ, అక్కడ ఎవరో వేసిన చెక్క బల్లనూ అతను వర్ణిస్తూ ఉంటే ఆమెకు కాస్త అసూయ కూడా వేసింది. తన చీలమండ వాచిన సంగతి చెప్పలేదు. అసలు బయలుదేరినప్పుడు ఏ మూలో ఒక కోరిక ఉండేది, ఎవరో ఒకరం ఆగిపోతే బాగుణ్ణని. ఆ కోరిక ఎప్పుడు పోయిందో ఆమెకు తెలియలేదు. గుడ్డ చింపి చీలమండకు గట్టిగా చుట్టుకుంటూ, అయిదో విడిదిలో కిటికీ పక్కన సాన చక్రం ఎక్కడ పెట్టాలా అని ఆలోచించింది. అక్కడ కిటికీ నేలకు ఎత్తుగా ఉంటుందట. మనుషులు తలకాయలతో సహా కనిపిస్తారు.

మూడో రోజు వాగు రెండుసార్లు దాటాల్సి వచ్చింది. ఆమె తడిసి ముద్దై చేరింది. అతను తొట్టిలోంచే కేకేశాడు.

"ఇవాళ్టి సంగతి చెప్పనా? ఈ విడిదికి దిగబోయేముందు, రెండు శిఖరాల నడుమ కొండ మెడ మీద రాతినోట్లోంచి ఊట పడుతోందే! గొలుసుకి కట్టిన రేకు గ్లాసు. ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. నీ వాటా కూడా నేనే తాగేశాను."

నీ వాటా కూడా. ఆ మాటకు ఆమె అలసటంతా దిగిపోయింది. పొయ్యి దగ్గర తన బూట్లు ఆరబెడుతూ, పక్కనే పడి ఉన్న అతని జోడు కూడా చేతిలోకి తీసుకుంది. అతను సబ్బు అడుగుతూ ఉంటే సమాధానం చెబుతూనే తీసుకుంది. చేతులు వాటి అలవాటు ప్రకారం బూటును తిరగేశాయి, వెలుతురుకు పెట్టాయి, బొటనవేలు వెళ్ళి తడిమింది.

వేళ్ళ దగ్గర సాన గీతలు అలాగే ఉన్నాయి.

తన బూటు తిరగేసింది. అక్కడ వాగు రాయిలా నున్నగా ఉంది. మళ్ళీ అతనిది చూసింది. మడమ దగ్గర కొద్దిగా, అదీ బయటి అంచు మాత్రం అరిగింది. గుమ్మం నుంచి గుమ్మానికి నడిచే మనిషి అరుగుదల. కుడిది ఎడమదానికన్నా తక్కువ, ఆ కాలు మీద బరువు వెయ్యడానికి భయపడే మనిషిది. ఒకే పలక, ఒకే చక్రం, ఒకే సాయంత్రం. తప్పు చదవడానికి ఎక్కడా సందు లేదు.

"ఏమోయ్, సబ్బు!" అన్నాడు అతను.

సబ్బు తీసుకెళ్ళి ఇచ్చింది. భోజనాల బల్ల దగ్గర అతను ఊట సంగతి ఇంకోసారి చెప్పాడు, సామాన్లాయన తలూపాడు, విడిది నడిపే ఆవిడ ముసిముసిగా నవ్వింది. ఎవరెవరు ఎక్కడెక్కడ నవ్వుతున్నారో ఆమె మొదటిసారి గమనించింది. రొట్టె సయించలేదు. నాన్న అన్నది ఇదేనా అనుకుంది. అయినా మనసు ఊరుకోదు. ఇరవై ఆరేళ్ళ చెయ్యి ఒక్కసారైనా తప్పు చదివి ఉండకూడదా? తప్పు చదివి ఉంటే బాగుణ్ణని అంత గట్టిగా ఆమె ఎప్పుడూ కోరుకోలేదు.

నాలుగో రోజు పైదారి మొదట వెనకటి కొండ మెడ మీదికే ఎక్కుతుంది, ఊట ఉన్నదన్న చోటికే. దారి చీలిన దగ్గర ఆమె అంది:

"ఇవాళ మారుద్దాం. నేను పైదారి, నువ్వు కింది దారి."

అతని మొహంలో రంగు మారింది. "అదేంటి? నీ చీలమండ..."

"నా చీలమండ సంగతి నీకెవరు చెప్పారు?"

"అదే... నడక చూస్తే తెలీదా?"

"తెలుస్తుంది," అంది ఆమె. "తాళ్ళు కడతావా?"

"కాలు ఈ రాయి మీద పెట్టు, కడతాను," అన్నాడు. వంగలేదు. మొదటి రోజు 'అమ్మో' ఎందుకన్నాడో ఇప్పుడు ఆమెకు అర్థమైంది.

ఎక్కడం కష్టంగానే ఉంది. అయినా చీలమండను తిట్టుకుంటూ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ గంటన్నరలో మెడ చేరింది. రాతినోరు ఉంది. గొలుసు ఉంది. రేకు గ్లాసు బోర్లా వేలాడుతోంది. ఉంది కదా! అనుకుంటూ దగ్గరకు వెళ్ళింది. రాతినోటికి అడ్డంగా సాలెగూడు. దాని కింద నాచు ఎండి పెచ్చులు కట్టింది. గ్లాసు తిప్పి చూస్తే లోపల కందిరీగ మట్టిగూడు, మూతి మూసి, ఎండి, రాయిలా గట్టిపడి ఉంది. అలాంటి గూడు ఒక్క రోజులో కట్టేది కాదు.

నీ వాటా కూడా నేనే తాగేశాను.

ఆమె కొంతసేపు ఆ రాయి పక్కనే కూర్చుంది. ఏడవలేదు. అబద్ధం చెప్పినందుకు కాదు ఆమె బాధ, అందులో తనకు వాటా పెట్టినందుకు. ఒట్టి ఊట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఆ రెండో గుక్క ఎందుకు పోశాడు?

లేచి పరిగెత్తింది. పైనుంచి తారురోడ్డు దారప్పోగులా కనిపిస్తోంది, దాని వెంట వాగు, వాగు పక్కన కింది దారి. మొదటి కల్వర్టు దగ్గర తెల్ల వ్యాను ఆగి ఉంది. కింది దారిలోంచి ఒక ఎర్ర చొక్కా నెమ్మదిగా, మెట్లు దిగే ముసలివాడిలా పక్కకు వాలుతూ వచ్చి, తలుపు తీసి ఎక్కింది. ఇవాళ ఆమె అతనికి సులువైన దారే ఇచ్చింది కదా. అదీ పరిగెత్తలేదు. వ్యాను కదిలి మలుపు తిరిగింది. ఆ మలుపులో ఎవరూ ఆగలేదు.

నాలుగో విడిదికి ఆమె చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వరండాలో తొట్టి, తొట్టిలో కాళ్ళు, పక్కన సామాన్లాయన.

"కింది దారి ఎలా ఉంది?" అని అడిగింది, బల్ల మీద కూర్చుంటూ.

"అబ్బో, వాగు మోకాలి దాకా వచ్చింది. నువ్వు రోజూ ఎలా దాటుతున్నావో గాని!"

"నీ ఊట దగ్గర ఆగాను."

అతను ఒక్క క్షణం ఆమె మొహం చూశాడు. ఆమె నవ్వు తెచ్చిపెట్టుకుంది. అంత కష్టమైన పని ఆమె ఆ అయిదు రోజుల్లో ఇంకొకటి చెయ్యలేదు.

"నువ్వు చెప్పినట్టే ఉంది. పళ్ళు జివ్వుమన్నాయి."

"చెప్పానా లేదా!" అని తొడ చరిచాడు అతను. "అలాంటి నీళ్ళు ఊళ్ళో ఎక్కడున్నాయి చెప్పు!"

అంతే. అప్పటిదాకా ఏదో ఒక పోగు తెగకుండా వేలాడుతోంది. అది తెగింది. ఆమె లోపలికి వెళ్ళి అతని బూట్లు తెచ్చి, అడుగు పైకి కనిపించేలా బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఊట ఎండిపోయి ఎన్నేళ్ళయిందో. గ్లాసులో కందిరీగ ఇల్లు కట్టుకుంది."

సామాన్లాయన టీ కప్పు దించాడు. "ఎండిపోయిందా? నేను పదేళ్ళప్పుడు అక్కడ తాగాను కదక్కా, అదే బావకి చెప్పా..." అని, తానేమన్నాడో తెలిసి నాలిక కరుచుకున్నాడు. "వ్యాను... వ్యానుకి నీళ్ళు పొయ్యాలి," అని లేచిపోయాడు.

మొగుడు తొట్టిలోంచి కుడికాలు బయటికి తీశాడు. "మోకాలు. కుడిది. లోపల మెత్తటిదంతా అరిగిపోయిందట."

"ఎప్పుడు చెప్పాడు డాక్టరు?"

"పద్నాలుగు నెలలైంది."

"మరి ఆదివారాలు? పొద్దున్నే పరుగని వెళ్ళేవాడివి."

"పార్కులో బెంచీ మీద కూర్చునేవాణ్ణి."

"వచ్చేసరికి వేడినీళ్ళు కాచి పెట్టేదాన్ని. కాళ్ళు పెట్టుకుని హాయిగా ఉందే అనేవాడివి."

"హాయిగానే ఉండేది," అన్నాడు అతను చిన్నగా.

"బెంచీ మీద కూర్చుని వచ్చినవాడికి!"

"చెబితే నువ్వు ఒప్పుకునేదానివా? ఎవరు ఆగినా ఆ మాట ఎత్తకూడదన్నావు. నాకు ఆ గోతిలోకి మళ్ళీ దిగాలని లేదే. ఎలాగో ఇక్కడికి వచ్చిపడితే పైదారికి ఇంకెవర్నైనా చూసుకోవచ్చు అనుకున్నాను."

"నేను దుకాణం ఇచ్చేశాకా?"

"అప్పటికి నువ్వూ అలవాటు పడిపోయేదానివి."

ఆ మాట అన్నాక అతనికే తెలిసింది, అనకూడనిది అన్నానని. ఆమె బూట్లు చేతిలోకి తీసుకుంది.

"మోకాలు అరిగిందని చెప్పుంటే షరతు చింపేసేదాన్నయ్యా. నా పనే అరిగినవి బాగుచెయ్యడం. ఊళ్ళో అందరూ అరిగినవే నా దగ్గరికి తెస్తారు, సిగ్గుపడకుండా. నువ్వొక్కడివే కొత్తవి తెచ్చిచ్చావు."

అయిదో రోజు ఆమె తాళ్ళు తనే కట్టుకుంది. అతను వ్యానులో ముందు సీట్లో, అందరికీ కనపడేలా కూర్చున్నాడు. ఆమె పైదారి పట్టింది. ఆ రోజు శిఖరం మీద గాలి నిలిచిపోయి, దూరాన కొండలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ ఎక్కడికో వెళ్ళిపోయాయి. ఇంత అందం చూస్తూ ఇంత కోపంగా ఉండటం సాధ్యమా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. చెప్పడానికి పక్కన మనిషి లేడు. చెప్పాలనీ లేదు.

అయిదో విడిది పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, సూపు గిన్నె ముందు పెట్టింది.

"అమ్మాయ్, తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. మీ ఆయన సంగతి మొదటి రోజే తెలుసు. వ్యాను తోలేవాడు నా చెల్లెలి కొడుకు."

"తెలిసీ ఊరుకున్నారా పెద్దమ్మా?"

"నాకు మనుషులు కావాలి, ఏం చెయ్యను? ఇప్పుడు పైదారి నువ్వే పరిగెత్తావు. కింది దారికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఆయన లెక్కాపత్రం చూసుకుంటాడు. నువ్వు ఊఁ అను, చాలు."

కిటికీ నిజంగానే ఎత్తుగా ఉంది. సాన చక్రానికి సరిపోయేంత చోటు దాని కింద ఖాళీగా ఉంది. తలుపు దగ్గర నిలబడి మొగుడు ఆమెకేసే చూస్తున్నాడు. ఆ ఒక్క ఊఁ అనేస్తే అందరికీ సరిపోయేది, ఆమె కాళ్ళకు కూడా.

"ఒకరు ఆగినా ఆ మాట ఎత్తకూడదని చేతిలో చెయ్యి వేసుకున్నాం," అంది ఆమె. "ఈ అయిదు రోజుల్లో చెడకుండా మిగిలింది ఆ మాటొక్కటే. దాన్నైనా ఉండనివ్వండి."

సూపు చల్లారకముందే తాగేసింది. వృథా చెయ్యడం ఆమెకు రాదు.

ఊరికి తిరిగి వచ్చాక దుకాణం మామూలుగా తెరుచుకుంది. ఇంట్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తింటున్నారు. ఉప్పు అందించమంటే అందిస్తున్నారు. అతను లిఫ్టుల పనికి వెళుతున్నాడు. మోకాలికి పట్టీ బయటికే కట్టుకుంటున్నాడు. ఆదివారాలు ఎక్కడికీ వెళ్ళడంలేదు. ఆమె ఒక్కతే పరిగెత్తి వచ్చి, తన వేడినీళ్ళు తనే కాచుకుంటోంది.

అతని జోడు మాత్రం ఇంటికి పోలేదు. వచ్చిన మర్నాడే ఆమె దానికి చీటీ కట్టి, తేదీ వేసి, స్టూలు ఎక్కి రానివాళ్ళ అరలో పెట్టింది, సాన గీతలు బయటికి కనిపించేలా. ఎర్ర మడమల పక్కన, సైనికుడి బూట్లకు ఇవతల.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కిటికీలో రెండు కాళ్ళు ఆగాయి. ఎడమది నిటారుగా, కుడిది కొద్దిగా బయటికి వాలి ఉంది. దాచుకోవడం మానేసిన నడక. ఆమె మొహం చూడనక్కర్లేకపోయింది. ఆ కాళ్ళు మొదటి మెట్టు దిగాయి. రెండో మెట్టు మీద ఆగాయి.

"లోపలికి రావచ్చా?" అంది గొంతు.

"దుకాణం తెరిచే ఉంది," అంది ఆమె. చేతిలో ఎవరివో స్కూలు బూట్లు ఉన్నాయి. చక్రం ఆపలేదు.

"నా జోడు..."

"చీటీ మీద తేదీ ఉంది. ఏడాది టైముంది."

అతను తలెత్తి పై అరకేసి చూశాడు. తన బూట్ల అడుగు అక్కడ అందరికీ కనిపించేలా ఉంది. మూడో మెట్టు దిగాలా వద్దా అని ఆ కుడికాలు కాస్త లేచి, మళ్ళీ రెండో మెట్టు మీదికే వచ్చింది.

ఆమె స్కూలు బూటు తిరగేసి, వెలుతురుకు పెట్టి, బొటనవేలితో తడిమింది. ఈ పిల్ల బడికి పరిగెత్తుతూ వెళుతుంది, వచ్చేటప్పుడు కాళ్ళీడుస్తూ వస్తుంది అనుకుంది. చక్రం మీద రబ్బరు ఆనించింది.